డబ్బా అడుగున మిగిలిన రంగులు

మా గేటుకు రంగు వేయిస్తున్నాను. వేయిస్తున్నానంటే, వేసే మనిషి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని అతని పనికి అడ్డుపడుతున్నాను. ఇక్కడ తుప్పు సరిగ్గా గీకలేదనీ, అక్కడ చుక్క కారిందనీ. అతను క్యాంప్ టూ బస్తీ నుంచి వచ్చే తెలుగాయన. నలభై ఐదేళ్ళుంటాయి. ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు కింద పెయింటింగ్ పని చేస్తాడు, సెలవు రోజున మా వైశాలి నగర్‌లో గేట్లకీ గ్రిల్స్‌కీ వేస్తాడు. పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి అతని తెలుగులో సగం హిందీ. నాదీ అదే బాపతు కాబట్టి ఇద్దరికీ బాగానే కుదిరింది.

"ఆంటీ, మీరు లోపలికెల్లి ఆరామ్‌గా కూకోండి. ఎండెక్కిపోతంది," అన్నాడు మూడోసారి.

"నాకేం ఎండ లేదు గానీ, డబ్బా అడుగున రంగు మిగిలితే పారేయకు. నాకిచ్చెయ్," అన్నాను ఐదోసారి.

నవ్వి ఊరుకున్నాడు. ముసలితనపు చాదస్తం అనుకుని ఉంటాడు. ఈ చాదస్తం నాకు ముసలితనంతో రాలేదు, ఎనిమిదేళ్ళ వయసు నుంచీ ఉన్నదే.

అప్పుడు చూశాను, గేటు స్తంభానికి తగిలించిన అతని హెల్మెట్‌ని. ప్లాంటు హెల్మెట్, పసుపు రంగుది, గీతలు పడి మాసిపోయి ఉంది. దాని వెనకవైపు, మెడ మీదికి వచ్చే చోట, అరచేతిలో సగమంత తెల్లని గుండ్రం. లోపల ఏమీ లేదు.

"ఇదేంటి బాబూ?"

"గుర్తు ఆంటీ. రెస్టు రూముల అందరివీ ఒక్కలాగే ఉంటాయి కదా, మారిపోతాయి. అందుకని మావోళ్ళందరూ ఎనకాల తెల్ల గోలా ఏసుకొని, అందులో ఏదో ఒకటి ఏసుకుంటారు. ఒకడు తేలు ఏసుకున్నాడు, ఒకడు మామిడికాయ. పురానా రివాజు."

"మరి నీ దాంట్లో ఏమీ లేదేం?"

"నాకు బొమ్మలు రావాంటీ. ఖాళీ గోలాయే నా గుర్తు."

నేను నోరు మూసుకున్నాను. ఆ తరవాత చాలాసేపు అతని పని సాఫీగా సాగింది. నా మనసు మాత్రం ప్లాంటు టౌన్‌షిప్ సెక్టారులోని మా పాత క్వార్టరు పెరట్లోకి, జామచెట్టు కిందికి వెళ్ళి కూర్చుంది.

మాది రెండు గదుల కంపెనీ క్వార్టరు. నాన్న ప్లాంటు రోలింగ్ మిల్లులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి మీసాలు సరిగా రాని వయసులో వచ్చేశాడు. చుట్టుపక్కల వరసల్లో సగం మంది మనవాళ్ళే, మిగతా సగం బీహారు, ఒడిశా, కేరళ, ఇక్కడి ఛత్తీస్‌గఢీ వాళ్ళు. సాయంత్రమయ్యేసరికి ఇంటింటి ముందూ బొగ్గుల కుంపటి వెలిగేది. ఆ పొగలో ఎవరింట్లో ఏం వండుతున్నారో కళ్ళు మూసుకుని చెప్పేసేదాన్ని. ఆవనూనె ఘాటు వస్తే ఎడమ పక్క బీహారీ వాళ్ళు. కొబ్బరినూనె వస్తే ఎదురు వరస కేరళ వాళ్ళు. ఊరి నుంచి ఎవరైనా రైలు దిగి వచ్చినరోజున మాత్రం ఎవరూ వాసన చూడక్కర్లేదు. మా ఇంట్లో ఎండుమెత్తళ్ళు వేగుతున్నట్టు పవర్ హౌస్ స్టేషన్ దాకా తెలిసిపోయేది.

ఆ ఊళ్ళో గాలికి కూడా రంగుండేది. ప్లాంటు వైపు నుంచి గాలి వీస్తే ఎర్రదుమ్ము. తుడిచిన అరుగు మీద గంటలో వేలితో పేరు రాసుకోవచ్చు. ఆ దుమ్ముతో మా అమ్మకు రోజూ యుద్ధమే. పొద్దున్నే పెరట్లోకి వచ్చి చిమ్నీ పొగ ఎటు పోతోందో చూసి, దాన్నిబట్టి బట్టలు ఏ తాడు మీద ఆరేయాలో తేల్చుకునేది. తెల్లబట్టలు రెండుసార్లు జాడించాక, చిన్న గుడ్డలో నీలిమందు మూటకట్టి, బకెట్టు నీళ్ళలో ముంచి తిప్పేది. నీళ్ళు ఆకాశంలా అయ్యేవి. అందులో ముంచి తీసిన నాన్న చొక్కాలు, అమ్మ చీరలు తాడు మీద ఆరుతుంటే వరసలో అందరూ ఆగి చూసేవారు. అమ్మకు నగలు లేవు, చదువు లేదు, పాట రాదు. ఆ తెలుపే ఆవిడ గొప్ప. "మీ అమ్మ బట్టలు చూడు" అని పక్కవాళ్ళు వాళ్ళ పిల్లల్ని తిడుతుంటే విననట్టు నటించేది గానీ, ఆ పూట కూరలో ఉప్పు సరిగ్గా పడేది.

అలాంటి ఆవిడ కడుపున, ఒళ్ళంతా రంగు పూసుకుని తిరిగే నేను పుట్టాను. ఏ జన్మలో ఏం చేసుకుందో పాపం.

వానలు తగ్గి చలి మొదలయ్యాక క్వార్టర్లలో అందరూ ఏదో ఒకదానికి రంగు వేసుకునేవారు. తలుపులకు, గ్రిల్స్‌కు, ట్రంకుపెట్టెలకు, సైకిళ్ళకు. పని అయిపోయాక డబ్బా అడుగున రెండు వేళ్ళ మందం రంగు మిగులుతుంది. దాని మీద పాల మీద మీగడలా తొరక కడుతుంది. ఆ డబ్బాల కోసం నేను ఇల్లిల్లూ తిరిగేదాన్ని. "అంకుల్, అడుగు రంగు ఉందా?" "దీదీ, మీది అయిపోయిందా?" తొరక పుల్లతో తీసేసి, కింద ఉన్న రంగులో రెండు చుక్కలు కిరసనాయిలు పోస్తే మళ్ళీ ప్రాణం వచ్చేది. జామచెట్టు మొదట్లో ఇటుకలు పేర్చి నా డబ్బాలు దాచుకున్నాను. మొత్తం పదకొండు. అన్నీ ఉక్కు ఊరి రంగులే. తలుపుల ఆకుపచ్చ, సైకిలు మడ్‌గార్డు నలుపు, పైపుల వెండిరంగు, గోడల తెలుపు, ఇనుముకి మొదటి కోటుగా వేసే ఎర్ర ఆక్సైడు. నీలం ఒక్కటి లేదు. ఎవరూ వేటికీ నీలం వేసేవారు కాదు.

నాన్న నైట్ షిఫ్టులో ఉన్న వారం పగలంతా పడుకోవాలి. ఆ వారం ఇంట్లో గ్లాసు కిందపడితే నేరం. పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టడానికి ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక ఉపాయం ఉండేది. మా అమ్మ ఉపాయం నా రంగులే. "ఎల్లి జామచెట్టు కింద బొమ్మలేసుకో, నోరెత్తకు" అని తనే పాత క్యాలెండరు కాగితాలు ఇచ్చేది. ఆ వారం నా బొమ్మలు ముద్దు. షిఫ్టు మారితే అవే బొమ్మలు దరిద్రం. "ఏటే ఈ పూసుకోడం? గౌనంతా నాశనం! ఆడపిల్లకి ఈ పెయింటరు బుద్ధులేటి?"

పెయింటరు బుద్ధులు నాకు ఎక్కడి నుంచి వచ్చాయో అమ్మకు బాగా తెలుసు. వెనక వరసలో ఉండే బాబాయి నుంచి. నాన్న ఊరివాడే, వరసకు తమ్ముడు. ప్లాంటులో బోర్డులు రాసేవాడు. ప్రమాదం, పొగ తాగరాదు, క్రేన్ల మీద నంబర్లు. బొమ్మలు వేస్తావా అని ఎవరైనా అడిగితే, "నాకు బొమ్మల్రావు. అచ్చరాలే," అనేవాడు. అది పచ్చి అబద్ధం. సాయంత్రం డ్యూటీ దిగి మా పెరటి గుమ్మంలో కూర్చుని అమ్మ ఇచ్చిన టీ తాగేటప్పుడు, గ్లాసు అంచున తడిసిన వేలితో సిమెంటు గచ్చు మీద ఏదో ఒకటి గీసేవాడు. ఒకరోజు కుంపటి, ఒకరోజు చెప్పు, ఒకరోజు మా అమ్మ కొప్పు. టీ అయ్యేలోపు అది ఆరిపోయేది. నాకు ఏడుపొచ్చేది.

"అయ్యో బాబాయ్, పోయింది!"

"పోతే పోనీ. రేపు ఇంకోటి ఏస్తాను."

"రేపూ పోతుంది కదా?"

"ఎల్లుండి ఇంకోటి. గుంటా, రోజుకొకటి. బాగోకపోతే బాగోకపోనీ. రోజుకొకటి పడాల."

నేను వేసినవి తీసుకెళ్ళి చూపిస్తే "బాగుంది" అని ఒక్కసారీ అనలేదు. "ఇదేటి?" అని కూడా ఒక్కసారీ అడగలేదు. మిగతా పెద్దవాళ్ళంతా అదే అడిగేవారు. ఏనుగా, ఎద్దా, మీ మేనత్తా అని. బాబాయి చాలాసేపు చూసి ఒక్కటే అడిగేవాడు. "ఏ రంగు తక్కువైంది?"

ఆ చలికాలంలో ఆ ప్రశ్నకు నా జవాబు ఎప్పుడూ ఒకటే. నీలం. మా పెరటి వెనక కరెంటు తీగ మీద రోజూ పొద్దున్నే ఒక పాలపిట్ట వచ్చి కూర్చునేది. కూర్చుంటే మామూలు పిట్ట. రొమ్ము గోధుమ ఎరుపు, అది ఆక్సైడులో తెలుపు కలిపితే వచ్చేస్తుంది. కానీ ఎగిరిందంటే రెక్కల్లోంచి నీలం భళ్ళున పరుచుకునేది. అది నాకు కావాలి. దాని కోసం నేను దొంగతనానికి దిగాను. అమ్మ నీలిమందు పొట్లంలోంచి చిటికెడు తీసి తెల్లరంగులో కలిపాను. కలిసింది! నా చేతుల్లో నీలం పుట్టిందని పెరట్లో గంతులు వేశాను. ఆ గంతుల్లోనే దొరికిపోయాను. అప్పటికి పిట్టకు ఒక రెక్క పూర్తయింది.

"ఒలే! బట్టలకెట్టే నీలిమందు బొమ్మలకెడతావేటే? మరి రేపు మీ నాన్న చొక్కాకి నీ బొమ్మలెట్టనా?" అని అమ్మ నా చెవి పట్టుకుంది. నా గౌను మీద, ఆవిడ చీర కుచ్చిళ్ళ మీద కూడా నీలం అంటుకుంది. "ఇదే ఆఖరు. ఇంకొక్క మరక ఇంట్లో కనబడిందా, పదకొండు డబ్బాలూ చెత్తకుప్పలోకే."

మా అమ్మ చెప్పిందంటే చేస్తుంది. సాయంత్రం బాబాయికి ఒంటిరెక్క పిట్టను చూపించాను.

"ఏ రంగు తక్కువైంది?"

"నీలం."

"ఎంత?"

"ఒక రెక్కంత."

"సరే, దొరికినప్పుడు ఏద్దువులే. ఈలోగా ఇంకోటి ఎయ్యి," అన్నాడు.

నేను వేసిన ఆ "ఇంకోటి"తోనే కొంప మునిగింది.

ఆ వారంలో నాన్న రెండుసార్లు వేరేవాళ్ళ హెల్మెట్ పెట్టుకుని ఇంటికి వచ్చాడు. రెస్టు రూములో అన్నీ ఒకే మేకుల మీద వేలాడతాయి, అన్నీ పసుపే. "ఎవుడిదో తల! ఆవనూనె కంపు!" అని మొహం చిట్లించి, తల రుద్దుకుంటూ స్నానానికి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆ ఆవనూనె భయ్యా మా నాన్న హెల్మెట్ తిరిగిచ్చి, "కొబ్బరినూనె వాసనకి రాత్రంతా తలనొప్పి" అన్నాడట. ఇంట్లో అందరూ నవ్వారు. నేను మాత్రం ఆలోచనలో పడ్డాను. నాన్న హెల్మెట్ మీద ఒక బొమ్మ ఉంటే ఇక మారిపోదు కదా!

నాన్న వారపు సెలవు రోజు మధ్యాహ్నం, ఉలవచారు అన్నం తిని గురకపెట్టి పడుకున్నాక, తలుపు వెనక మేకు మీంచి హెల్మెట్ తీసుకుని జామచెట్టు కిందికి వెళ్ళాను. గీతలు పడి, నూనె మరకలతో ఉంది. దాని మీద నేరుగా బొమ్మ వేస్తే నిలవదు. బాబాయి చెప్పిన పాఠం నాకు కంఠతా వచ్చు: ముందు కోటు, తరవాతే బొమ్మ. అందుకని సబ్బుతో కడిగి, గుడ్డతో తుడిచి, హెల్మెట్ మొత్తానికి తెల్లరంగు కోటు వేశాను. చాలా శ్రద్ధగా వేశాను. బ్రష్ గీత ఒక్కటి లేకుండా, అంచుల దాకా. కొమ్మకు తగిలించి సాయంత్రం వరకూ ఆరనిచ్చి, అమ్మ కుంపటి దగ్గర ఉన్నప్పుడు తెచ్చి మేకుకు తగిలించేశాను. బొమ్మ రేపు వేద్దామనుకున్నాను. ఆ వారమే మా గ్రిల్‌కు ఆకుపచ్చ వేశారు కాబట్టి ఇంట్లో రంగు వాసన ఎవరికీ అనుమానం రాలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ప్లాంటులో తెల్ల హెల్మెట్ ఆఫీసర్లది, పసుపుది పనివాళ్ళది. ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా ఇది తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆ మధ్యాహ్నం నాకు తెలుపు రంగులా కనబడలేదు, కోటులా కనబడింది. ఇంకేమీ తోచలేదు. మీరు నమ్మినా నమ్మకపోయినా అంతే.

నాన్నకు మర్నాడు ఆరుకే షిఫ్టు. చలికాలం ఐదింటికి ఇంకా చీకటే. మేము లేస్తామని లైటు వేసుకోకుండానే తయారై, మంకీ క్యాప్ లాక్కుని, హెల్మెట్ సైకిలు హ్యాండిల్‌కు తగిలించుకుని, మంచులో వెళ్ళిపోయాడు. నేను లేచేసరికి మేకు ఖాళీ. మేకు చూశాక, అప్పుడు, నా మొద్దు బుర్రకు తెలుపు అంటే ఏమిటో అర్థమైంది.

చెప్పులు కూడా లేకుండా బాబాయి ఇంటికి పరిగెత్తాను. ఆయనది ఎనిమిది గంటల డ్యూటీ. నోట్లో వేపపుల్లతో నిలబడి నా గోల అంతా విన్నాడు. ముందు నవ్వాడు. తరవాత నవ్వు ఆపేశాడు. ఆ ఆపడమే నన్ను చంపేసింది.

"ఓలమ్మో. మొత్తం ఏసీసేవా?"

"మొత్తం."

"అదెట్టుకొని గేట్లోకి ఎల్లుంటాడు. హెల్మెట్ నేకుండా లోపలికి పోనివ్వరు, తియ్యడానికీ నేదు. పెద్ద సాబు సూసేడంటే..." అని నా మొహం చూసి ఆగాడు. "పర్నేదు. నేనెల్లి సూస్తాన్లే. ఇంటికెల్లు నువ్వు."

"మెమో ఇస్తారా బాబాయ్?"

మెమో అనే మాట ఆ క్వార్టర్లలో దెయ్యం పేరులాంటిది. పెద్దవాళ్ళు గొంతు తగ్గించి అనేవారు. బాబాయి పుల్ల ఉమ్మేసి లోపలికి వెళ్ళాడు.

ఇంటికి వచ్చి వంటింట్లో దేవుడి పటాల ముందు నిలబడ్డాను. నాన్నకు మెమో రాకూడదు. దానికి బదులు దేవుడికి ఏం ఇవ్వగలను? నా దగ్గర ఉన్నది ఒక్కటే. "మా నాన్నకి మెమో రాకపోతే ఇంకెప్పుడూ బొమ్మలు వెయ్యను" అని కళ్ళు గట్టిగా మూసుకుని మొక్కేశాను. మొక్కడం ఒక్క నిమిషం. తరవాత డబ్బాలు చేతికొకటి చొప్పున మోసుకెళ్ళి వరస చివర చెత్తకుప్ప దగ్గర పెట్టి వచ్చాను. పదకొండు డబ్బాలు, ఆరు ప్రయాణాలు. ఒంటిరెక్క పిట్ట కాగితం కూడా అక్కడే వదిలేశాను. అమ్మ కుళాయి దగ్గర మాటల్లో పడి చూడలేదనుకున్నాను. ఆ రోజు స్కూల్లో ఏం చెప్పారో నాకు తెలీదు. మధ్యాహ్నం పప్పన్నంలోకి వేయించిన వడియం కూడా సహించలేదు.

రెండున్నరకు నాన్న సైకిలు బెల్లు వినిపించింది. నేను మంచం కింద దూరాను.

నాన్న లోపలికి వస్తూనే నవ్వుతున్నాడు. అసలు ఆయన మనిషే అంత. అమ్మ మంచినీళ్ళు ఇచ్చేలోపే కథ మొదలుపెట్టేశాడు. "గేటు కాడ సెక్యూరిటీవోడు సెల్యూట్ కొట్టీసేడే! నాకేటి తెలుసు, ఎవులికో అనుకొని నేనూ కొట్టీసేను. మిల్లులోకెల్తే ఒకడు కుర్చీ తెస్తాడు, ఒకడు 'సాబ్, చాయ్' అంటాడు. తీసి సూద్దును గదా, తెల్లగా కొబ్బరిచిప్పలాగ ఉంది! రంగు ఇంకా పచ్చిగుంది, మంకీ క్యాప్ ఊలంతా దానికే అంటుకుపోనాది."

"సాబు సూసేడా?" అంది అమ్మ.

"సూడ్డా మరి? నా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆయన తలకీ తెల్లది, నా తలకీ తెల్లది. 'యే క్యా హై?' అన్నాడు. మా అమ్మాయి ఏసింది సాబ్, ఎందుకేసిందో నాకూ తెల్దు అన్నాను. తీసుకొని అటూ ఇటూ తిప్పి సూసి, 'కోటు బాగా వేసింది, బ్రష్ గీత లేదు' అని నా చేతిలో పెట్టీసి ఎల్లిపోనాడు. అంతే."

"మెమో?"

"ఏటి మెమో? దీనికెవులిస్తారు మెమో?"

మంచం కింద నేను వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాను. నాన్న వంగి కాలు పట్టుకుని బయటకు లాగాడు. నా ఒళ్ళో హెల్మెట్ పెట్టాడు. మళ్ళీ పసుపు రంగు. భోజనాల టైములో బాబాయి వచ్చి వేశాడట. వెనక్కి తిప్పి చూపించాడు. మెడ మీదికి వచ్చే చోట, అరచేతిలో సగమంత, ఒక గుండ్రం మాత్రం తెల్లగా వదిలేసి ఉంది. నా కోటే అది.

"మీ బాబాయి మొత్తం ఏసీస్తానన్నాడు. నేనే ఆపినాను. గుంట బొమ్మెయ్యడానికి కోటేసుకుంది, అంత మటుకు ఒగ్గీమన్నాను. ఇప్పుడెయ్యి. ఆవనూనె బాధ తప్పుతాది."

సంతోషించాల్సిన మాట. నేను ఇంకా గట్టిగా ఏడ్చాను. "వెయ్యను. ఇంకెప్పుడూ వెయ్యకూడదు. దేవుడికి మొక్కేశాను. డబ్బాలు కూడా పారేశాను."

నాన్న నవ్వు ఆగిపోయింది. ఏం చెయ్యాలో తెలియక అమ్మ వైపు చూశాడు. దేవుడి విషయాలు ఆయన శాఖ కాదు.

అమ్మ నన్ను లేవదీసింది. పెరటి తలుపు తీసింది. అప్పుడు చూశాను. జామచెట్టు మొదట్లో, ఇటుకల మధ్య నా డబ్బాలు. పదకొండూ. పక్కన వాటిని మోసుకొచ్చిన ఇనప గమేళా బోర్లించి ఉంది. దాన్నిండా ఆకుపచ్చ, నల్ల మరకలు. అమ్మ చేతులు చూశాను. మోచేతుల దాకా కిరసనాయిలుతో తోముకున్నా గోళ్ళ మూలల్లో ఎర్ర ఆక్సైడు పోలేదు. మంచుకు తడిసిన ఒంటిరెక్క పిట్టను కూడా తెచ్చింది. ఆరడానికి తాడుకి క్లిప్పు పెట్టి, తన తెల్లబట్టల మధ్య ఆరేసింది!

"నన్నడిగి మొక్కినావేటి?" అంది అమ్మ కటువుగానే.

"లేదు."

"నీ పేరు మీద మొక్కులు మొక్కేది ఎవులు? నేను. పుట్టెంటికలు ఎవులు మొక్కినారు? నేను. తీర్చింది ఎవులు? నేను. ఎనిమిదేళ్ళ గుంటకి సొంతంగా మొక్కే హక్కు నేదు. మొక్కీసేవు గాబట్టి, అది నా మీద పడతాది. నేను తీరుస్తాను."

"ఎలా తీరుస్తావు?"

అమ్మ స్నానాల గదిలోకి వెళ్ళి నీలిమందు పొట్లం తెచ్చి దేవుడి పటాల ముందు నిలబడింది. "సామీ, గుంట మానకుండా దాని బదులు నేను మానేస్తన్నాను. ఈయాల్టి నుంచి బట్టలకి నీలిమందు ఎట్టను," అంది. గట్టిగా, ఎదురింటివాళ్ళతో మాట్లాడుతున్నట్టే అంది. తరవాత ఆ పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇంక ఇది నాకెందుకు? ఆ రెండో రెక్క ఏసీ."

నేను అమ్మ నడుము పట్టుకుని ఏడ్చాను. ఆవిడ చీరకు చిన్న రంగు మరక అంటింది. ఏమీ అనలేదు.

హెల్మెట్ మీది గుండ్రంలో పాలపిట్టను వేశాను, రెండు రెక్కలతో. నిజం చెప్పాలంటే దరిద్రంగా వచ్చింది. మిల్లులో అందరూ దాన్ని బాతు అనుకున్నారు. నాన్నకు "బతక్‌వాలా" అని, అంటే బాతులవాడని, పేరుపడింది. ఆయన ఆ పేరును మెడల్‌లా మోశాడు. మళ్ళీ హెల్మెట్ మారలేదు. రెండు వారాల తరవాత ఆవనూనె భయ్యా తన హెల్మెట్ వెనక తనే తెల్లగా గుండ్రం వేసుకుని నాన్న చేతికి ఇచ్చి పంపాడు, ఎద్దు తల కావాలని. ఆ తరవాత ఇంకెవరో. ఆ చలికాలమంతా రోజుకొకటి, కాగితం మీదో హెల్మెట్ మీదో.

మా బట్టలు మాత్రం నెల తిరిగేసరికి మిగతావాళ్ళ బట్టల్లాగే అయిపోయాయి. పసుపు తిరిగిన తెలుపు. నాన్న చొక్కాలు తాడు మీద ఆరుతుంటే ఎవరూ ఆగి చూసేవారు కాదు. "ఏటి వదినా, ఈమద్దె బట్టలు తేటగా నేవు, ఒంట్లో బాగోలేదేటి?" అని ఒకావిడ అడిగితే, "ఆఁ, నీళ్ళు బాగోనేవమ్మా," అంది అమ్మ. నేను పక్కనే ఉన్నాను. నా వైపు చూడనైనా చూడలేదు.

నాకు పెళ్ళయి, పిల్లలు పుట్టాక ఒకసారి అడిగాను. "ఇంకా ఎన్నాళ్ళమ్మా? ఇక చాల్లే, పెట్టుకో." అప్పటికి అమ్మ జుట్టే తెల్లగా మెరిసేది, చీరలు కాదు.

"నువ్వేస్తన్నన్నాళ్ళు," అంది. ఏదో మామూలు మాటలా.

అందుకే మానలేదు నేను. నేను పెద్ద చిత్రకారిణిని కాను. నా బొమ్మలు ఎవరూ గోడకు పెట్టుకోలేదు. శుభలేఖల వెనక, మందుల డబ్బాల మీద, రోజుకొకటి. జ్వరమొచ్చిన రోజున కూడా పడుకునే ఒక ఆకు గీశాను. ఎవరైనా ఎందుకు ఈ శ్రమ అంటే కాలక్షేపం అంటాను. కాలక్షేపం కాదు. ఒక మనిషి తనకున్న ఒక్క గొప్పనూ మానుకుని నాకు ఇచ్చింది. నేను ఒక్కరోజు మానేస్తే ఆవిడ మానుకున్నది వట్టిదే అయిపోతుంది. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అయినా అంతే.

"ఆంటీ, అయిపోనాది," అన్న మాటకు ఉలిక్కిపడ్డాను. గేటు నల్లగా మెరుస్తోంది. చుక్క కారలేదు. అడుగున మిగిలిన నలుపు డబ్బా, అంచులకు వేసిన తెలుపు డబ్బా నా కుర్చీ పక్కన పెట్టాడు, మర్చిపోకుండా.

హెల్మెట్ మీది ఆ తెల్ల గుండ్రాలు మా నాన్న హెల్మెట్ నుంచే వచ్చాయని నేను అనను. ఎవరికైనా తోచే ఆలోచనే అది. ఇన్నేళ్ళలో ఎన్ని హెల్మెట్లు, ఎంతమంది మనుషులు. అతనికి ఈ కథేమీ చెప్పలేదు కూడా. హెల్మెట్ తీసి అతని చేతికి ఇచ్చాను, నా సన్న బ్రష్ ఒకటి తెచ్చి ఇచ్చాను.

"ఏదైనా వెయ్యి."

"నాకు రాదన్నాను కదాంటీ. మీరే ఏసీండి."

"బాగోకపోతే బాగోకపోనీ. వెయ్యి."

సిగ్గుపడ్డాడు. నలభై ఐదేళ్ళ మనిషి, చెవులు ఎర్రబడ్డాయి. గేటు మెట్టు మీద కూర్చుని, హెల్మెట్ మోకాళ్ళ మధ్య బిగించి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని నలుపుతో ఏదో మొదలుపెట్టాడు. వంకరగా ఒక గీత. దాని కింద ఇంకోటి. చాలాసేపు పట్టింది. పక్కింటి ప్రెషర్ కుక్కరు నాలుగు కూతలు కూసింది. చివరకు తల ఎత్తి, నా వైపు హెల్మెట్ తిప్పి పట్టుకున్నాడు, ఏమంటానో అని.

అదేమిటో నాకు అర్థం కాలేదు. అడగలేదు.

"ఏ రంగు తక్కువైంది?" అన్నాను.

అతను ఆశ్చర్యంగా చూశాడు. బొమ్మ వైపు చూసుకున్నాడు. నిజంగానే ఆలోచించాడు.

"నీలమాంటీ," అన్నాడు. "జరంత నీలం ఉంటే బాగుణ్ణు."

లేచి లోపలికి వెళ్ళాను. మా ఇంట్లో నీలిమందు సబ్బుల దగ్గర ఉండదు. నా బ్రష్‌ల డబ్బాలో ఉంటుంది.